నేల తుడుచువారి ఊపిరిని గూర్చి ప్రధాన కార్యదర్శులకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గార్లకు,



మీ పరిపాలన క్రిందనున్న సచివాలయములు, కలెక్టరు కార్యాలయములు, ఆసుపత్రులు, పాఠశాలలు, పురపాలక సంఘములు తమ భవనములను శుభ్రముగా నుంచుటకై టెండర్లు పిలుచుట మీరెరిగినదే. ఆ టెండరు పత్రముల చివర సామాన్యముగా ఒక జాబితా జతపరచబడి యుండును. ఫినాయిలు ఇన్ని లీటర్లు, యాసిడ్ ఇన్ని లీటర్లు, బ్లీచింగు పౌడరు ఇన్ని కిలోలు, కలరా ఉండలు ఇన్ని ప్యాకెట్లు, గదులలో చల్లు సువాసన డబ్బాలు ఇన్ని అని అందులో వ్రాసియుందురు. తక్కువ ధర వేసినవానికి కాంట్రాక్టు దక్కును. ఆ సీసాలలో ఏ పదార్థమున్నదో, వాటిని చేతబట్టి దినమెల్ల పనిచేయు మనిషి దేహమునకు ఆ పదార్థము ఏమి చేయునో ఆ జాబితా అడుగదు. ఈ లేఖ ఆ ఒక్క జాబితాను గూర్చినది. దానిని మార్చుటకు శాసనసభ కూడనక్కరలేదు, కొత్త పన్ను వేయనక్కరలేదు; మీ సంతకముతో వెలువడు ఒక ఉత్తర్వు చాలును గనుక మీకే వ్రాయుచున్నాను.

ఇది చిన్న విషయమనియు, రాజ్యభారము వహించు పెద్దల దృష్టికి తేదగినది కాదనియు కొంద రనుకొనవచ్చును. నేనట్లు తలపను. ఈ పని చేయువారిలో అధిక సంఖ్యాకులు స్త్రీలు, అందులోను పేదలు, కాంట్రాక్టరు క్రిందనో, ఔట్‌సోర్సింగు పద్ధతిలోనో పనిచేయుచు, సెలవు పెట్టినచో ఆనాటి కూలి పోవునని భయపడువారు. కార్యాలయమున అందరికంటె ముందు వచ్చువారు వారే, అందరికంటె తక్కువగా కంటబడువారును వారే. పాఠశాలలో ఆయా యనియు, ఆసుపత్రిలో స్వీపరనియు, కంపెనీలలో హౌస్‌కీపింగు సిబ్బంది యనియు పేరు మారినను, వారి చేతిలోని సీసా మారుట లేదు.

ఒక జిల్లా కేంద్రమునందలి పెద్ద కార్యాలయమునకు నేను పనిమీద పోయి, ఉద్యోగు లింకను రానందున వరండాలో వేచియుండగా, మరుగుదొడ్డి కడుగుచున్న ఒక స్త్రీని చూచితిని. వయస్సు నలుబది దాటియుండును. చీరకొంగుతో ముక్కును నోటిని బిగించి కట్టుకొని, కాళ్ళకు హవాయి చెప్పులతో, చేతుల కేమియు లేకుండ, ఒకప్పుడు కూల్‌డ్రింకు నింపిన పెద్ద ప్లాస్టిక్ సీసానుండి పసుపుపచ్చని యాసిడ్‌ను దొడ్డి అంచుల వెంబడి పోయుచున్నది. పోసినచోటనెల్ల తెల్లని ఆవిరి లేచుచున్నది. ఆ తడి ఆరకముందే అదే నేలమీద గుప్పెడు బ్లీచింగు పౌడరు చల్లి, గొంతుకూర్చుండి చీపురుతో రుద్దసాగినది. దగ్గు తెరలుగా వచ్చినపుడు లేచి వాకిలిదాక వచ్చి, కన్నులు తుడుచుకొని, మరల లోనికి పోవుచున్నది. “గ్లౌజులు ఇవ్వరా అమ్మా?” అని అడిగితిని. “మొదట్లో ఇచ్చారు సార్, చినిగిపోయాయి. ఈ వాసన అలవాటైపోయింది. పొద్దున్నే ఈ వాసన రాకపోతే అసలు కడగలేదంటారు” అని ఆమె చెప్పినది.

ఆమె మాటలోనే ఈ కష్టమున కంతకును మూలమున్నది. పై అధికారి పదిగంటలకు వచ్చి ఘాటైన వాసన తగిలినచో పని జరిగినదని తృప్తిపడును. తగలనిచో కాంట్రాక్టరును పిలిచి ప్రశ్నించును. కాంట్రాక్టరు ఆ కోపమును సూపర్‌వైజరు మీదకును, సూపర్‌వైజరు ఆ స్త్రీ మీదకును దింపును. కనుక ఆమె మూతతో పోయవలసిన చోట గిన్నెతో పోయును. శుభ్రమైన నేలకు వాసన యుండదన్న సత్యమును కార్యాలయములు మరచిన ఫలితముగా, వాసనయే పనికి సాక్ష్యమై, ఆ సాక్ష్యము కొరకు ఒక పేదరాలు తన ఊపిరితిత్తులను ఒడ్డవలసి వచ్చుచున్నది.

ఆ ఉదయము ఆమె యెరుగకయే తయారుచేసిన వాయువును గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసి యున్నది. మరుగుదొడ్లకు వాడు యాసిడ్ హైడ్రోక్లోరికామ్లము. అది బ్లీచింగు పౌడరుతోగాని, ఇంటింట వాడు ద్రవపు బ్లీచితోగాని కలిసినచో క్లోరిన్ వాయువు పుట్టును. 1915 ఏప్రిల్ 22న బెల్జియమునందలి ఈప్ర్ నగర సమీపమున జర్మను సైన్యము శత్రువుల కందకములమీదకు వదలిన వాయువు ఇదియే. మరుగుదొడ్డిలో పుట్టునది దానిలో అత్యల్పాంశమే యైనను, గాలికన్న రమారమి రెండున్నర రెట్లు బరువైనది గనుక పైకి పోక నేలనంటి నిలిచియుండును. నిలుచున్న మనిషికంటె గొంతుకూర్చుండి రుద్దు మనిషి ముఖమునకే అది దగ్గర. కన్నులలోని తడితోను, శ్వాసనాళములలోని తడితోను కలిసి అచ్చటనే ఆమ్లముగా మారి పొరలను కాల్చును. అమోనియా కలసిన గాజు తుడుచు ద్రవముతో బ్లీచి కలిసినచో క్లోరమీన్ అను మరియొక ఘాటైన వాయువు వచ్చును. ఈ రెండు కలయికలను గూర్చిన హెచ్చరిక పెద్ద కంపెనీల సీసాలపై చిన్న అక్షరములలో నుండును. కూల్‌డ్రింకు సీసాపై నుండదు. ఆ సీసాను మంచినీరనుకొని ఎవరైనను, ముఖ్యముగా పసిబిడ్డలు, నోటబెట్టుకొను ప్రమాదము వేరే యున్నది.

తక్కినవాటిని గూర్చి సంగ్రహముగా చెప్పుదును. నల్ల ఫినాయిలు బొగ్గుతారునుండి తీసిన ఫినాలు జాతి పదార్థములతో చేయబడినది. అవి చర్మమును మండించుటయే గాక చర్మము గుండ లోనికి ఇంకును. మూత్రశాలలలో వేయు కలరా ఉండలు నాఫ్తలీనుతో చేసినవి. జీ6పీడీ అను ఎంజైము లోపముతో పుట్టినవారికి ఆ ఆవిరి ఎర్రరక్తకణములు చిట్లిపోవునంతటి అపాయము తేగలదు. క్యాన్సరు కలిగించు అవకాశమున్న పదార్థముల పట్టికలో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దానిని చేర్చినది. కొత్తరకపు క్రిమిసంహారక ద్రవములలో నుండు క్వాటర్నరీ అమోనియం లవణములు కొందరిలో ఉబ్బసమును రేపునని వృత్తివ్యాధుల వైద్యులు గుర్తించినారు. ఇక బ్లీచింగు పౌడరు మన వేసవిలో మూత సరిగా లేని డబ్బాలోనున్నచో వారములలోనే బలము కోల్పోవును. బలము తగ్గినదని తెలియనివారు ఇంకొక గుప్పెడు వేయుదురు.

ఇట్టి హాని ఒక్కనాడు మీద పడు ప్రమాదమైనచో వార్తాపత్రికలలో వచ్చును, విచారణ జరుగును. నెమ్మదిగా జరుగు హానిని గూర్చియే నా ఆవేదన. 2018లో నార్వే దేశపు బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఐరోపాలో ఇరువది యేండ్లపాటు సాగిన ఒక శ్వాసకోశ పరిశీలనలోని 6,235 మంది సమాచారమును విశ్లేషించి ప్రకటించిన ఫలితము ప్రతి అధికారియు చదువదగినది. శుభ్రపరచుటయే వృత్తిగా గల స్త్రీలలో, ఒక్క సెకనులో బలముగా ఊది వదలగల గాలి పరిమాణము, ఆ పని చేయనివారితో పోల్చగా ఏటేటా 3.9 మిల్లీలీటర్లు అధికముగా తగ్గుచు వచ్చినది. ఇంటిలో మాత్రము శుభ్రపరచు పని చేసిన స్త్రీలలో సైతము ఈ తగ్గుదల 3.6 మిల్లీలీటర్లు. ఏడాదికి ఇది స్వల్పముగానే తోచును. ఇరువది యేండ్లకు కూడినపుడు అది చాలకాలము పొగత్రాగినవారి నష్టముతో పోల్చదగినదని వారు వ్రాసినారు. పురుషులలో ఇట్టి తగ్గుదల కనబడలేదని కూడ వారే చెప్పినారు. ఆ వృత్తిలోనున్న పురుషులు వారి పరిశీలనలో బహు కొద్దిమంది.

మన దేశమున ఆ స్త్రీ దగ్గును ఎవరు లెక్కించుదురు? ఊపిరి ఊదించి కొలుచు పరీక్ష చిన్న యంత్రముతో కొద్ది నిమిషములలో ముగియునదే యైనను, పారిశుద్ధ్య కార్మికులలో దానినెరిగినవారు అరుదు. దగ్గు వచ్చినచో దుమ్మువలన నందురు, కట్టెలపొయ్యి పొగవలన నందురు, చలికాలమందురు. చేతుల చర్మము పగిలి వ్రేళ్ళ సందులు ఎర్రబడినచో నీళ్ళలో నానుటవలన నందురు. ప్రతిదానికి ఒక కారణము సిద్ధముగా నుండుటచేత అసలు కారణము ఆమె చేతిలోని సీసాలో దాగి నిలిచిపోవుచున్నది.

ఈ సందర్భమున వైద్యచరిత్రలోని రెండు ఘట్టములు మీకు జ్ఞాపకము చేయుట అప్రస్తుతము కాదని నా నమ్మిక. గాయములు చీముపట్టకుండుటకై కార్బాలికామ్లమును ప్రవేశపెట్టి 1867లో తన పద్ధతిని లోకమునకు తెలిపిన జోసెఫ్ లిస్టరు, కొంతకాలము శస్త్రచికిత్స జరుగు గదియందంతట ఆ ఆమ్లమును తుంపరలుగా చల్లించెను. వైద్యులు, నర్సులు ఆ తుంపరలనే పీల్చుచు, చేతులు తిమ్మిరెక్కి తోలు ఊడుచుండగా పనిచేసినారు. గాలిని తడుపుటవలన ప్రయోజనము లేదని తేలిన పిమ్మట 1890లో బెర్లినులో జరిగిన వైద్యమహాసభయందు లిస్టరు స్వయముగా ఆ పద్ధతిని విడిచిపెట్టినట్లు ప్రకటించెను. ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, క్రిమిసంహారక ద్రవములో ముంచి ముంచి చేతులు పాడైన కారొలైన్ హాంప్టన్ అను నర్సు కొరకు విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు పలుచని రబ్బరు గ్లౌజులు చేయించెను. నేడు రోగిని కాపాడునని మన మెరిగిన గ్లౌజు ఆ ఆసుపత్రిలో పుట్టినది పనిచేయు మనిషి చేతిని కాపాడుటకు. క్రిమిని చంపుట ఎంత అవసరమో, ఆ పని చేయు చేతిని కాచుకొనుట అంతే అవసరమని ఆనాడే గ్రహించిన శాస్త్రము మనకుండగా, శతాబ్దమునకు పైగా గడచిన తరువాత మన కార్యాలయములలో వట్టిచేతులతో ఫినాయిలు బకెట్టులో గుడ్డ పిండుచున్న స్త్రీని చూచి ఊరకుండుట న్యాయము కాదు.

క్రిములను గూర్చిన భయము నిరాధారము కాదు. అది నేను కాదనుట లేదు. ఐతే మురికిని తొలగించుటయు, క్రిమిని చంపుటయు వేర్వేరు పనులు. శస్త్రచికిత్సా గదికి, ప్రసవపు వార్డుకు, రక్తము చిందిన నేలకు క్రిమిసంహారకము తప్పక కావలెను. ఫైళ్ళున్న బల్లకు, వరండాకు, మెట్లకు, తరగతిగదికి సబ్బునీరు చాలును. సబ్బు మురికితోపాటు క్రిములలో ఎక్కువ భాగమును కడిగి తీసుకొనిపోవును. కరోనా కాలమున, అనగా 2020లో, వీధులమీదను చెట్లమీదను మనుషులమీదను కూడ హైపోక్లోరైటు చల్లిన రోజులు మనము చూచినాము. మనుషులమీద చల్లరాదని ఆ ఏప్రిలులోనే కేంద్ర ఆరోగ్యశాఖ హెచ్చరింపవలసి వచ్చినది. 2021 ఏప్రిలులో అమెరికా వ్యాధినియంత్రణ సంస్థ, వస్తువుల ఉపరితలములనుండి ఆ వ్యాధి సోకు అవకాశము బహు తక్కువయనియు, చాలచోట్ల సబ్బుతో శుభ్రపరచుట చాలుననియు ప్రకటించినది. భయము పోయినను అలవాటు మాత్రము అనేక కార్యాలయములలో మిగిలియున్నది.

అట్లైనచో ఏది వాడవలెనని మీ అధికారులు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే గనుక దీనికి తీరికగా సమాధానము వ్రాయుదును. మన ఊళ్ళలో యాసిడ్ వాడకమునకు అసలు కారణము మురికి కాదు, బోరునీరు. ఆ నీటిలోని సున్నము దొడ్డి గిన్నెలమీదను కుళాయిలమీదను గారగా పేరుకొని, దానిపై పసుపు మరక నిలుచును. అది సబ్బుకు పోదు. యాసిడ్‌కు క్షణములో పోవును. కాని లీటరు నీటికి యాభై గ్రాముల చొప్పున నిమ్మఉప్పు కరిగించి, వారమునకొకసారి ఆ గారపై పోసి, అరగంట విడిచి, బ్రష్షుతో రుద్దినచో గార పొరగా పేరుకొను అవకాశమే యుండదు. నిమ్మఉప్పు ఆవిరి లేవదు, ఊపిరిని పట్టదు. కిరాణా అంగడిలో దొరకును. ఏండ్ల తరబడి పేరుకొనిన పాత గారకు రెండు మూడు మారులు చేయవలసి వచ్చును, ఓపిక కావలెను. ఆ ఓపికకు పట్టు సమయమును కాంట్రాక్టులో లెక్కకట్టుట మీ వంతు. ఇదియు ఆమ్లమే గనుక దీనిని కూడ బ్లీచింగు పౌడరుతో ఎన్నడును కలుపరాదు.

నేల సంగతి వేరు. తాండూరు బండలును, బేతంచర్ల నాపరాళ్ళును మన పాత కార్యాలయములలో అనేకముగా పరచబడి యున్నవి. అవి సున్నపురాళ్ళు, యాసిడ్ తగిలినచోట పొంగి కరుగును, చలువరాయికి నిమ్మరసము సైతము గిట్టదు. యాసిడ్‌తో కడిగిన నాపరాయి నునుపు పోయి గరుకుదేరి, ఆ గరుకులో మరింత మురికి పట్టి, దానిని వదల్చుటకు మరింత యాసిడ్ కావలసి వచ్చును. రాయినే తినివేయునది మనిషిని విడుచునా? ఇట్టి నేలలకు ఆమ్లగుణముగాని అధిక క్షారగుణముగాని లేని, సువాసన కలుపని సబ్బుద్రవమును కొద్దిగా కలిపిన నీరు, గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డ చాలును. ఆ గుడ్డలోని సన్నని పోగులు దుమ్మును అంటించుకొని తీయుటచేత ద్రవము తక్కువ పట్టును, నీరు తక్కువ పట్టును, బకెట్టు బరువు తగ్గును. నడుము నొప్పితో బాధపడువారికి అది కూడ ఆరోగ్యమే. మరుగుదొడ్డి గుడ్డ ఒక రంగు, బల్లల గుడ్డ మరియొక రంగు అని ఏర్పరచినచో మురికి ఒకచోటినుండి మరియొకచోటికి పోదు. జిడ్డుకు వంటసోడా, బట్టలసోడా ఉన్నవి. క్రిమిసంహారకము నిజముగా కావలసినచోట, తగిన పాళ్ళలో పలుచన చేసిన హైడ్రోజన్ పెరాక్సైడు ఉన్నది. అది తన పని ముగించిన పిదప నీరుగను ప్రాణవాయువుగను విడిపోవును.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకుండుట నా మనస్సునకు ఒప్పదు. ప్రకృతిసిద్ధమని ఆకు బొమ్మ వేసి అమ్మునదెల్ల సురక్షితము కాదు. నిమ్మ, నారింజ తొక్కల తైలములలోని లిమొనీన్, దేవదారు జాతి చెట్ల తైలములలోని పైనీన్ గాలిలోని ఓజోనుతో కలిసి ఫార్మాల్డిహైడును, అతిసూక్ష్మ కణములను పుట్టించును. కిటికీలు మూసి, ఏసీ నడుచుచు, పాత జెరాక్సు యంత్రము ఓజోను వదలుచుండు గదిలో నిమ్మవాసనల నేలద్రవము వాడినచో మేలుకు బదులు కీడు కలుగవచ్చును. పండ్ల తొక్కలు, బెల్లము, నీరు మూడు నెలలు పులియబెట్టి చేయు బయో ఎంజైము ద్రవమును మన నగరములలో ఎందరో గృహిణులు శ్రద్ధగా తయారుచేయుచున్నారు. గచ్చు తుడుచుటకు అది మంచిదే. ఆసుపత్రిలో క్రిమిసంహారకమునకు బదులుగా వాడదగినది మాత్రము కాదు. మన తాతమ్మలు పట్టుచీరలకును నగలకును వాడిన కుంకుడుకాయ నురుగు నేటికిని గొప్పదే. ఏ పేరుతో వచ్చినను పరీక్షించి, పదార్థముల పట్టిక చూచి, సువాసనను దూరముగా నుంచి కొనుటయే వివేకము.

ఈ మార్పు వలన మేలు పొందువారు శుభ్రపరచువారు మాత్రమే కారు. మూసిన గదులలో మధ్యాహ్నమునకే తలనొప్పి వచ్చు గుమాస్తా, ఉబ్బసమున్న టైపిస్టు, గర్భవతియైన ఉద్యోగిని, నేలమీద చాప వేసికొని కూర్చుండు అంగన్‌వాడీ పిల్లలు అందరును ఆ గాలినే పీల్చుచున్నారు. కడిగిన నీరు నాలాలోనికి, నాలానుండి చెరువులోనికి పోవును. హైదరాబాదు నగరమున వర్షము కురిసినపుడు కూకట్‌పల్లి ప్రాంతపు నాలాలనుండి ధరణీనగర్ వీధులలోనికి తెల్లని నురుగు పొంగి వచ్చుట పత్రికలలో పలుమారులు చూచినాము. పరిశ్రమల వ్యర్థములతోపాటు మన సబ్బుద్రవములకును అట్టి నీటిలో పాలున్నది.

ఖర్చు పెరుగునేమో యని ఆర్థికశాఖ సందేహించును. కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాంటామోనికా పురపాలక సంఘము 1990లలోనే తాము వాడు 17 రకముల శుభ్రపరచు పదార్థములలో 15 రకములకు తక్కువ విషముగల ప్రత్యామ్నాయములు కనుగొని, ఖర్చు పెరుగుటకు మారు సుమారు 5 శాతము తగ్గినట్లు తేల్చుకొన్నది. గాఢద్రవమును కొని అక్కడికక్కడ కొలతప్రకారము నీరు కలుపుకొన్నచో, వాసన కొరకు పోయు అధికద్రవము మిగులును. న్యూయార్కు రాష్ట్రము 2005లోనే తన ప్రభుత్వ కార్యాలయములకును పాఠశాలలకును ఇట్టి తక్కువ విషముగల పదార్థములనే వాడవలెనని నిర్ణయించినది. 2017లో కాలిఫోర్నియా చేసిన శాసనము ప్రకారము, శుభ్రపరచు ద్రవమున ఏమున్నదో తయారీదారు సీసాపై తెలుపవలెను.

మనకును దారులు లేకపోలేదు. 1991లోనే భారత ప్రభుత్వము పర్యావరణమునకు హాని తక్కువగా చేయు వస్తువులకు మట్టికుండ చిహ్నముతో ఎకోమార్కు నెలకొల్పినది. సబ్బులు, డిటర్జెంట్లు అందులో చేరినవి. ఐనను ఆ కుండ మన అంగళ్ళలో దాదాపు కానరాలేదు. కొనువారు అడుగకపోవుటయే దానికి ప్రధాన కారణమని నా అభిప్రాయము. 2024లో ఆ పథకమునకు కొత్త నియమావళి వచ్చినది. హైదరాబాదులో 2004 జులైలో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన సీఐఐ-గోద్రెజ్ హరిత భవనము, హరిత భవనముల కిచ్చు లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా వెలుపల పొందిన మొట్టమొదటి భవనముగా ప్రసిద్ధికెక్కినది. హరిత భవనముల విద్యను దేశమునకు నేర్పిన నగరము, తన పాత కార్యాలయముల బకెట్టులోనికి ఒకమారు తొంగి చూడవలదా?

భోపాలు దుర్ఘటన తరువాత 1987లో కర్మాగారముల చట్టమును సవరించి, ప్రమాదకర ప్రక్రియలు నడుపు యజమాని అందలి అపాయములను కార్మికులకు తెలుపవలెనని 41-బి విభాగమున విధించినారు. యాసిడ్ తయారుచేయు కర్మాగారపు కార్మికునికి లభించిన ఆ హక్కు, అదే యాసిడ్‌ను సీసానుండి ఒంపుకొను కార్యాలయపు స్వీపరునకు లేకపోయినది.

కావున రాబోవు ఆర్థిక సంవత్సరపు టెండర్లు పిలువకముందే మీరు ఉత్తర్వు వెలువరింపవలెనని వేడుకొనుచున్నాను. కొనబడు ప్రతి ద్రవముపై అందలి పదార్థముల పేర్లు, కలుపవలసిన కొలత, కలుపరాని వస్తువులు తెలుగులో, తెలంగాణమున ఉర్దూలోను, పెద్ద అక్షరములతో నుండవలెను. చదువురానివారికి బొమ్మలుండవలెను. విడి యాసిడ్‌ను, కలరా ఉండలను, గదులలో చల్లు సువాసన డబ్బాలను జాబితానుండి తొలగింపవలెను. క్రిమిసంహారకము వాడవలసిన తావులను వైద్యాధికారి చేత నిర్ణయింపజేసి, తక్కిన తావులకు సబ్బునీరు విధింపవలెను. గ్లౌజులు చినిగినపుడు తిరిగి ఇచ్చు బాధ్యతను కాంట్రాక్టు షరతులలో వ్రాసి, తప్పినచో బిల్లులో కోత విధింపవలెను. సంవత్సరమున కొకసారి పారిశుద్ధ్య కార్మికులందరకును ఊపిరి పరీక్ష, చర్మ పరీక్ష ప్రభుత్వపు ఖర్చుతో జరిపింపవలెను. పై అధికారులు వాసననుబట్టి పనిని తీర్మానింపరాదని ఆ ఉత్తర్వులోనే ఒక వాక్యము చేర్చవలెను; మీకది వింతగా తోచవచ్చును గాని, వాసన రాకపోతే కడగలేదంటారని చెప్పిన ఆ స్త్రీకి అన్నిటికంటె అక్కరకు వచ్చునది ఆ వాక్యమే.

రెండు రాష్ట్రములలోను ఒక్కొక్క జిల్లాను ఎంచుకొని, ఆరు నెలలు ఈ పద్ధతి నడిపి, ఖర్చును, కార్మికుల ఆరోగ్యమును కొలిచి, ఆ ఫలితములను ప్రజలకు ప్రకటింపుడు. ఆ కొలతలు నా మాటను కాదన్నచో ఒప్పుకొనుటకు నేను సిద్ధముగా నున్నాను. అంతవరకు మీ కార్యాలయము కడుగు వేళకు ఒకనాడు ముందుగా వచ్చి, ఆ పని చేయుచున్నవారితో పది నిమిషములు మాటలాడుడని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక పౌరుడు